లోపల కూడా ఎర్రగా మెరిసిన దేగిసా

జమ్మలమడుగు పాత బస్టాండు పక్కన షాకీర్ టీ అంగట్లో ఆ పొద్దున మహబూబ్ బాషా మండిపడుతున్నాడు. ఆయన మండిపడితే వినేవాళ్లకు పండగే. మామూలు రోజు ఆయన చెప్పేదాంట్లో రూపాయికి పావలా అయినా నిజం ఉంటుంది, కోపమొచ్చిన రోజు ఆ పావలా కూడా ఉండదు. ముప్పై ఏళ్లు బస్సు కండక్టరుగా అరిచిన గొంతు అది. రిటైరై ఆరేళ్లయినా ఇంకా వెనక సీటు దాకా వినిపిస్తుంది.

ఆయన కోపమంతా కోడలు మసరత్ మీద. సరిగ్గా చెప్పాలంటే, మసరత్ కొనే సీసాల మీద. ఇల్లు తుడవడానికి నీలం సీసా, గిన్నెలు తోమడానికి పచ్చ సీసా, బాత్‌రూంకి ఒకటి, అద్దాలకు ఇంకొకటి. కొడుకు అక్రమ్ ఎర్రగుంట్ల దగ్గర బండల పాలిష్ ఫ్యాక్టరీలో దుమ్ము మింగి తెచ్చే జీతమంతా నురగై మోరీలో పోతోందని ఆయన బాధ.

"సీసా మీద నిమ్మకాయ బొమ్మ ఉంటాదప్పా. లోపల నిమ్మకాయ ఉంటాదా? ఉండదు. వాసనుంటాది. వాసనకు దుడ్లు ఇస్తాండాం మనం," అన్నాడు టీ గ్లాసు బల్ల మీద కొట్టి.

షాకీర్ ఆ గ్లాసును మెల్లగా పక్కకు జరిపాడు. వాడికి గ్లాసుల లెక్క ఉంది.

ఆ రోజు కోపానికి అసలు కారణం మాత్రం బెంచీ కింద గోనెసంచిలో ఉంది. అది రాగి దేగిసా. ఇరవై మందికి బిర్యానీ వండొచ్చు. ఆయన భార్య గులాబ్‌బీ పెళ్లినాడు వెంట తెచ్చుకున్నది. గులాబ్‌బీ పోయి రెండేళ్లయింది. అప్పటినుంచి అది అటక మీద నల్లబడి కూర్చుంది. పొద్దున్నే మసరత్ దాన్ని దించి, పాత సామాన్ల బండి ఈరోజు మన వీధికి వస్తుంది, ఇచ్చేసి మంచి గిన్నె ఒకటి తీసుకుంటానంది. మామ గొంతు లేపేసరికి ఆ పిల్ల కూడా తగ్గలేదు. పాతకాలం పద్ధతులు అంత గొప్పవైతే మీరే తోమండి, ఆదివారం బిర్యానీకి పనికొచ్చేట్టు చేసి చూపించండి, ఉంచుకుందాం, లేకపోతే బండికి పోతుందని తేల్చి చెప్పింది.

మహబూబ్ బాషా పెరట్లో కూర్చుని రెండు గంటలు తోమాడు. తోమి, గోనెసంచిలో వేసుకుని, ఇంట్లో చూపించకుండా నేరుగా అంగడికి వచ్చాడు. కోడలి ముందు గెలవాలంటే నలుగురు సాక్షులుండాలని ఆయన లెక్క. సంచి ఇంకా విప్పలేదు. దానికి తగిన సమయం రావాలి.

సాక్షులు మాత్రం ముగ్గురే దొరికారు. ఒకడు షాకీర్. రెండోవాడు ఆదినారాయణ. మైలవరం కింద సేద్యం, కాలిపోయిన మోటారు రిపేరుకిచ్చి ఎదురుచూస్తున్నాడు. మూడోవాడు అబ్దుల్ సలాం. బెంచీ చివర గొంతుక్కూర్చుని టీలో బన్ను ముంచుకుంటున్న ముసలాయన. ఒకప్పుడు వీధి వీధీ తిరిగి పాత్రలకు కళాయి పూసేవాడు. స్టీలు గిన్నెలొచ్చాక ఆయన బట్టీ చల్లారింది. ఏ పండగకో ఎవరో పిలిస్తే తప్ప నిప్పు ఊదే తిత్తి బయటికి తీయడు.

ముందు మహబూబ్ బాషా చిన్నగానే మొదలుపెట్టాడు.

"మా కాలంలో సబ్బు ఎవరు కొన్యారప్పా? చారు పిండిన చింతపండు పిప్పి పారేసేది లే. పొయ్యిలో బూడిద పారేసేది లే. పగిలిన ఇటుక దొరికితే దంచి డబ్బాలో పెట్టుకునేది. కొబ్బరి పీచు ఉండనే ఉండె. నేను ఒక పొరక కొంటే పదమూడేండ్లు వచ్చేది."

"ఇంట్లో పనంతా నువ్వే చేస్తాంటివా మామా?" అన్నాడు ఆదినారాయణ అమాయకంగా.

"మరెవరనుకున్యావు? డ్యూటీ దిగినాక మొత్తం నేనే. మా ఇంట్లో ఆయమ్మకు తోమేది నేర్పించిందే నేను."

అబ్దుల్ సలాం బన్ను నమలడం ఆపి ఒకసారి తల ఎత్తాడు. మళ్లీ నమిలాడు.

అక్కడినుంచి కథ ఇంటి నేల మీదికి వచ్చింది. మహబూబ్ బాషా ఇంట్లో పరిచినవి కడప బండలు. మసరత్ వాటిని నీలం సీసాతో తుడుస్తుంది, ఆరాక మళ్లీ దుమ్మే. ఈయన కాలంలో గానుగ దగ్గర నూనె తీసిన శనిగ చెక్క ముక్క తెచ్చి, పాత గుడ్డలో మూటకట్టి బండల మీద రుద్దితే, బండలో మనిషి మొహం కనపడేదట. మొహమే కాదు, మొహం మీద గాటు కూడా కనపడేదట. చాలామంది మా ఇంటికొచ్చే గడ్డం గీసుకునేవాళ్లు అన్నాడు. ఎవరూ అడ్డు చెప్పకపోయేసరికి ఆయనకు ఊపు వచ్చింది.

"ఎలక్షన్లప్పుడు ఒకాయన ఓట్లడగనీకి వచ్చినాడు. చెప్పులు ఇడిసి లోపల కాలు పెట్టినాడు, అంతే. ముందు వాకిట్లో పెట్టిన కాలు ఎనక వాకిట్లో తేలింది. ఆడన్నా నిలబడినాడా? లే. సందులో పడినాడు, సందు దాటినాడు, మార్కెట్టు దాటినాడు, జారుకుంటా జారుకుంటా పోయి ఎదురు పార్టీ ఆఫీసులో ఆగినాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసునా మీకు?"

"ఏమైంది?"

"వాళ్లు కండువా కప్పేసిరి."

ఆదినారాయణకు టీ కొరబోయి దగ్గు వచ్చింది. గెలిచినాడా అని షాకీర్ అడిగితే, గెలవకేం, ఇంకో మూడు వీధుల్లోవాళ్లు నన్నొచ్చి బతిమిలాడినారు, మా బండలు కూడా రుద్దు బాషా, మా నాయకుడు కూడా మారాల అని, అన్నాడు మహబూబ్ బాషా. నవ్వకుండా అన్నాడు. ఆయన ఎప్పుడూ నవ్వడు, కోపంగానే కోస్తాడు. అందుకే కొత్తవాళ్లు సగం దాకా నమ్ముతారు.

ఇక దేగిసా వంతు వచ్చింది. ఆయన కాలితో గోనెసంచిని బెంచీ ముందుకు లాగాడు కానీ మూతి విప్పలేదు. తమ్ముడి పెళ్లికని దీన్నే ఒకసారి తోమి ఇంటిముందు ఎండలో బోర్లించాడట. మిట్టమధ్యాహ్నం వీధిలో కోళ్లన్నీ మళ్లీ తెల్లారిందని కూశాయట. అదీ చిన్న సంగతే. ప్రొద్దుటూరు నుంచి వస్తున్న బస్సు డ్రైవరు కంట్లో ఆ మెరుపు పడి, ఎదురుగా ఏదో పెద్ద లారీ లైట్లేసుకుని వస్తోందనుకుని, బస్సును వెనక్కి నడిపించుకుంటూ మళ్లీ ప్రొద్దుటూరుకే పోయాడట.

"ఆ రూట్లో కండక్టరువు నువ్వే కదా మామా? మరి ఇంట్లో యాడుంటివి?" అన్నాడు షాకీర్.

"ఆ పొద్దు లీవు పెట్టినాలేరా. లేకుంటే పోయేదానికి వచ్చేదానికి రెండు టికెట్లు కొట్టనా?"

సాయంత్రం పెళ్లిలో కరెంటు పోయిందట. జనం గోల. ఈయన నింపాదిగా దేగిసాను పందిట్లో బోర్లించాడట. పగలంతా తాగిన ఎండను అది కక్కడం మొదలుపెట్టిందట. ఆ వెలుతురులోనే నిఖా, ఆ వెలుతురులోనే భోజనాలు. ఎవరి ఆకులో ఎన్ని ముక్కలు పడ్డాయో అందరికీ కనపడి రెండు కొట్లాటలు కూడా జరిగాయట. మర్నాడు కరెంటాఫీసు వాళ్లు నిచ్చెన వేసుకుని వచ్చి, దీనికి మీటరు పెట్టాల్సిందే అన్నారట.

"ఎవడబ్బ సొమ్మని మీటరు పెడతారప్పా? చింతపండు నాది, బూడిద నాది, రెక్కలు నావి. పొమ్మన్యా."

ఆ తర్వాత ఏమైందో తెలుసునా? ఆదినారాయణ వాళ్ల మైలవరం డ్యాంలో చేపలు ఆ వెలుగు చూసి, వాన మెరుపనుకుని ఎదురెక్కి వచ్చి గట్టు మీద పడ్డాయట. గండికోట చూడ్డానికి వచ్చినవాళ్లు రెండు సూర్యుళ్లను పెట్టి ఫోటోలు దిగారట. చివరికి రాకెట్లు వదిలేవాళ్లే ఫోన్ చేసి, అయ్యా, మా ఉపగ్రహం జమ్మలమడుగు దగ్గరికి రాగానే కండ్లు మూసుకుంటాంది, ఆ గిన్నె మీద ఒక గుడ్డన్నా కప్పండి అని బతిమిలాడారట.

"కప్పినావా?" అన్నాడు ఆదినారాయణ కళ్లు తుడుచుకుంటూ.

"కప్పినా. గుడ్డ కాలిపోయింది."

షాకీర్ నవ్వి నవ్వి స్టవ్ మీద పాలు పొంగించుకున్నాడు. అబ్దుల్ సలాం మాత్రం నవ్వలేదు. ఆయన కళ్లు సంచి మీదే ఉన్నాయి. ఆయన నవ్వకపోవడం మహబూబ్ బాషాకు గుచ్చుకుంది. ఆ కోపంలో ఒక మాట ఎక్కువ అన్నాడు.

"సలామన్నా, తప్పనుకోవద్దు. నలభై ఏండ్లల్లో ఈ దేగిసాకు నేను ఒక్కసారి కూడా కళాయి ఏపియ్యలే. కళాయి దండగ. తోమేది రానోళ్లకు కళాయి. లోపల కూడా బయట మాదిరి రుద్దితే అదే మెరుస్తాది. సూడు."

సంచి విప్పాడు. నిజంగానే మెరిసింది. ఎండ తగిలి అంగడి రేకు మీద ఎర్రటి మచ్చ ఒకటి ఊగింది. ఆదినారాయణ లేచి వచ్చి, అబ్బా, బాగా తోమినావు మామా అన్నాడు, ఈసారి ఎగతాళి లేకుండా. మహబూబ్ బాషా ఛాతీ పొంగింది. ఇక ఇంటికి పోయి మసరత్ ముందు బోర్లించడమే తరువాయి.

అబ్దుల్ సలాం బన్ను ముక్క పక్కన పెట్టాడు. చేతులు పంచెకు తుడుచుకుని, దేగిసాను తన వైపు వంచుకుని, లోపల వేలు ఒక చుట్టు తిప్పాడు.

"మహబూబూ, లోపల తెల్లగా ఉండాల కదప్పా?"

"ఏంది?"

"రాగి గిన్నెకు లోపల తెల్లగా తగరం పూత ఉంటాది. దాన్నే కళాయి అంటారు. ఇప్పుడు లోపల కూడా ఎర్రగా ఉండాది. పీచుకు ఇటుక పొడి అద్ది బలంగా రుద్దినట్టుండావు. ఉండే పూత ఊడిపోయింది. ఇందులో పెరుగేసి బిర్యానీ వండితే చిలుమెక్కుతాది. తిన్నోళ్లంతా వాంతులు చేసుకుంటారు."

మహబూబ్ బాషా ముందు ఒప్పుకోలేదు. అసలు ఇందులో ఎప్పుడూ తెలుపే లేదన్నాడు. అటక మీద పడి చెడిపోయిందన్నాడు. ఇటుక ఈకాలం ఇటుక, పాత ఇటుకైతే ఇట్లా అయ్యేది కాదన్నాడు. కళాయి పని లేక నువ్వే గిరాకీ కోసం చెప్తాండావు అని కూడా అనేశాడు. ఆ మాటకు షాకీర్ కూడా తల దించుకున్నాడు.

ముసలాయనకు అప్పటికి కోపం వచ్చింది. గొంతు పెంచలేదు కానీ మాట గట్టిపడింది.

"నలభై ఏండ్లు తోమినోనివి, లోపల తెల్లగా ఉంటాదని తెలీదా నీకు? బయట చింతపండుతో తోమాల, లోపల ఉత్త బూడిదతో మెల్లగా తుడవాల. ఒక్క దినం తోమినా తెలిసేది. నేనేమీ అనగూడదనుకున్యా. ఏటా రంజాన్‌కు ముందు నువ్వు డ్యూటీకో అంగడికో పోయినాక గులాబ్‌బీ దీన్ని నెత్తిన పెట్టుకొని మా ఇంటికి వచ్చేది. కళాయి ఏపిచ్చుకొని, నువ్వు వచ్చేలోపల తీసుకపోయేది. ఎందుకమ్మా దొంగతనంగా అంటే, ఆయన నలుగురిలో కళాయి దండగని చెప్పుకుంటాండాడు భాయ్, ఆయన మాట పడిపోతాది, చెప్పుకోనీలే అనేది."

పొంగిన పాలు స్టవ్ మీద మాడుతున్న వాసన వస్తోంది.

మహబూబ్ బాషా దేగిసా లోపలికి చూశాడు. ఇన్నేళ్లూ ఆయన చూసింది అందులో ఉన్న బిర్యానీనే. ఖాళీ దేగిసా ఎలా ఉంటుందో ఈరోజు పొద్దున అటక మీంచి దించాకే చూశాడు. అప్పుడు లోపల ఏదో తెల్లగా పట్టి ఉందని, మురికి అనుకుని, దాని మీదే ఎక్కువ కసిగా రుద్దాడు. తన మీద తనకే ఒళ్లు మండింది. ఇన్నాళ్లు కోసిన కోతలన్నీ ఆ మనిషి మోస్తూ తిరిగిందని సిగ్గేసింది.

"ఆ తర్వాత ఏమైంది మామా?" అన్నాడు ఆదినారాయణ మెల్లగా. అది ఎగతాళో ఓదార్పో అడిగినవాడికే తెలియదు.

మహబూబ్ బాషా అరచేతులు తెరిచి చూసుకున్నాడు. చింతపండు పులుపుకు చర్మం చిట్లి, గోళ్ల సందుల్లో ఇటుక ఎరుపు దిగి ఉంది. "రెండు గంటలకే మండుతాండాయప్పా. ఆయమ్మ ఒక్క పొద్దు కూడా చెప్పలే," అన్నాడు. ఆ పొద్దున ఆయన నోట వచ్చిన మొదటి నిజం అదే. వెనక సీటుకు కాదు, పక్కవాడికి కూడా సరిగ్గా వినపడలేదు.

వీధి మలుపులో మైకు పలికింది. పాత ఇనుము కొంటాం, పాత రాగి కొంటాం, పాత ఇత్తడి కొంటాం. బండి వాళ్ల వీధి వైపే తిరుగుతోంది. దేగిసా ఇప్పుడు వంటకు పనికిరాదు. పందెం ప్రకారం అది బండిదే. మహబూబ్ బాషా దాన్ని రెండు చేతులా పట్టుకుని సలాం వైపు చూశాడు, అడగలేక.

"పూత పట్టించే నవాసాగరం ఉండాది, తగరం కొంచెముండాది," అన్నాడు ముసలాయన లేస్తూ. "బట్టీకి నిప్పు పెడతా. నాకు చేతులు వణుకుతాండాయి, తిత్తి నువ్వే ఊదాల."

మహబూబ్ బాషా తలూపి, దేగిసాను గోనెసంచిలో పెట్టబోయి ఆగి, నెత్తిన పెట్టుకున్నాడు. అంగడి దిగుతూ వెనక్కి తిరిగి, మసరత్‌కు ఫోన్ చెయ్ రా షాకీర్, బండిని పంపించేయమను అన్నాడు.

"ఏం చెప్పమంటావు మామా? దేగిసా బాగా తోమినావని చెప్పాల్నా?"

"చెడగొట్టినా అని చెప్పు. సలామన్న దగ్గర బాగు చేపిచ్చుకొని వస్తాండానని చెప్పు."