పేరమ్మ పెట్టిన చిక్కుడు పాదు

అంకమ్మని ఒకావిడుండేదంట, ఆవిడకి చీపురే ప్రాణం. తెల్లారకముందే లేచి వాకిలి, పెరడు, గొడ్లకొట్టం ముందు, అంతా ఊడ్చేది. ఊడ్చి ఊరుకుద్దా? పేడనీళ్ళు కళ్ళాపి చల్లుద్ది, గోడ మొదలుదాకా అలుకుద్ది. ఊడ్చిన ఆకూ అలమూ గంపకెత్తి ఊరిబయట పెంటకుప్పలో పారబోసొచ్చేది. "అంకమ్మ పెరట్లో నేలమీద అన్నం వొడ్డించుకు తినొచ్చు" అనుకునేవాళ్ళంట. ఆ ఇంటికి పేరమ్మ కోడలై వొచ్చింది. నల్లరేగడి ఊరు, వానలు వెనకబట్టాకే పొలంలో విత్తనం. ఆ ఊళ్ళో ఓ ఆచారముంది. కొత్త కోడలు పుట్టింటి నుంచి చిక్కుడు గింజలు కొంగున కట్టుకొచ్చి అత్తారి పెరట్లో పెట్టాలి. తీగ పందిరెక్కిందా, కోడలి చెయ్యి మంచిది, పొలంలో గింజ వెయ్యనిస్తారు. ఎక్కలేదా, ఇంక ఆ చెయ్యి గింజ ముట్టుకోకూడదు. ఏం, నవ్వుతారేమే? మీకు నవ్వులాటగా ఉంది, ఆ పిల్లకి ప్రాణం మీదికొచ్చింది.

ఏమైందంటే, తొలకరికి పెట్టింది. మొలిచింది. రెండాకులేసింది. మురిసిపోయింది పిల్ల. ఓ వానపడి పెరట్లో నీళ్ళు నిలబడ్డయ్, మొక్క పసుపుపచ్చగా పాలిపోయి, మొదలు మెత్తబడి పక్కకి వాలిపోయింది. మళ్ళీ పెట్టింది. మళ్ళీ మొలిచింది, మళ్ళీ వాలిపోయింది. ఇంక చూడండి ఊళ్ళో ఆడాళ్ళ నోళ్ళు! నీళ్ళకెళ్తే బావి దగ్గర గుసగుసలు, ఈ పిల్ల దగ్గరికి రాగానే ఆగిపోతయ్యంట. అంకమ్మ తిట్టినా బాగుండు, తిట్టలేదు. అన్నం పెట్టి, ఎదురుగా కూచుని, నెమ్మదిగా చెప్పిందంట. "చూడమ్మాయ్, వొచ్చే తొలకరికి ఇంకోసారి పెట్టు. అదీ పోయిందనుకో, పొలంలో విత్తనం పడకముందే మీ నాయనకి కబురంపిస్తా. వొచ్చి తీసకపోతాడు. అచ్చిరాని చెయ్యి ఇంట్లో పెట్టుకుని నేను పంట పండించుకోలేను" అని. మొగుడు యోగయ్య ఉన్నాడా? ఉన్నాడు. కంచంలోకి చూస్తా కూచున్నాడు.

అప్పట్నుంచి ఆ పిల్ల పని చేస్తా చేస్తా ఆగి తన చేతులు చూసుకునేదంట, ఈటిల్లో ఏముందిరా దేవుడా అని. పుట్టింట్లో ఇయ్యే చేతులు, బెండలు పెట్టింది, బీరలు పెట్టింది, ఒక్కటీ చావలా. ఓ రోజు చెత్తగంపెత్తుకుని ఊరిబయట పెంటకుప్ప కాడికి పోయింది. చూస్తే ఏముంది, కుప్పమీద గుమ్మడి పాదు! ఎవరు పెట్టారు? ఎవరూ పెట్టలా. ఏ చెయ్యీ తగలకుండానే దానంతటదే పాకి పూసింది. పేరమ్మ గంప కిందపడేసి ఆ మట్టిలో చెయ్యి పెట్టింది. గుల్లగుల్లగా ఉంది, వానపాములు తిరగతన్నయ్. ఇంటికొచ్చి పాదు పెట్టిన చోట వేలు పెట్టింది. దిగలా. గునపమేసి పెళ్ళగిస్తే, పైన అలికి అలికి చెక్కలాగుంది, కింద ముద్ద, పుల్లటి కంపు. అయ్యో, ఈ నేలకి తిండిలేదు, దీని నోరు మూసేశారు, తాగిన నీళ్ళు బయటికి పోయే దారీ లేదు అనుకుంది.

అనుకుంటే సరా? అంకమ్మ పెరట్లోకి చెత్త తెస్తే ఇంకేమన్నా ఉందా! అయితే ఒకటుంది. దీపం పెట్టాక ఊడ్చిన చెత్త బయట పారబొయ్యకూడదు, లచ్చిందేవి పోద్ది. మూలకి పెట్టి పొద్దున్నే పారబోస్తారు. మన ఇళ్ళల్లో లేదూ? పేరమ్మ దాన్ని పట్టుకుంది. అత్త పొలం పోయినప్పుడు స్నానాల తడిక వెనకాల గుంట తీసి, పైన చాప కప్పింది. పొద్దుగూకి ఊడ్చిందంతా, కూరల తొక్కలు, పొయ్యిలో బూడిద, కాస్త పేడ, అంతా ఆ గుంటలోకే. పైన ఇంత మట్టి, అంట్లు కడిగిన నీళ్ళు. "చెత్త పారబోశావా అమ్మాయ్?" అని అత్త అడుగుద్ది. "పోశానత్తా" అంటది. ఓరోజు కోడి చాపకిందికి దూరి పరాపరా గీకడం మొదలెట్టింది, అత్తేమో అక్కడే జుట్టారబెట్టుకుంటా ఉంది! పేరమ్మ దాన్ని తరిమిన తరుముడికి కోడి గోడ దూకి పోయిందంట. "ఏందే, కోడిమీద పగబట్టావా?" అంది అంకమ్మ. అట్టా చలికాలం పోయింది, ఎండాకాలం పోయింది. గుంటలో చెత్త మాగి మట్టి నల్లగా గుల్లబారింది. తొలకరి ముందు దాన్నెత్తి గోడవార కట్టలాగా పోసి, పైన మామూలు మట్టి కప్పి, ఉన్న గింజలన్నీ పెట్టేసింది. ఇంక కొంగున గింజల్లేవు. కట్టపక్కనే గోడ బొక్కదాకా కాలవ తీసి, అత్తకి కనపడకుండా కంపేసింది.

మొలిచినయ్. రెండాకులేసినయ్. అప్పుడు పట్టింది వాన, పొద్దుగూకే వేళ, కుంభవృష్టి. పేరమ్మ గడపలో నిలబడి కాలవవైపే చూస్తంది. కాలవ నిండింది, కంప కొట్టుకుపోయింది, కుళ్ళిన ఆకుముక్కలు తేలతా నల్లనీళ్ళు బయటికి పరిగెడతన్నయ్. అంకమ్మ చూసింది. "ఏందే ఇది? నా పెరట్లో పెంట పెట్టావా?" పార అందుకుంది, కాలవ పూడ్చెయ్యడానికి. పేరమ్మ వానలో పోయి కాలవకి అడ్డంగా కూచుంది. "అవునత్తా, నేనే పెట్టా. అబద్ధం చెప్పా. రేపే మా నాయనకి కబురంపు, పోతా. ఈ వాన వెలిసిందాకా మాత్రం దీన్ని పూడ్చబాక" అని బావురుమంది. అంకమ్మ పార గోడకానించి లోపలికి పోయింది.

తెల్లారి చూస్తే పెరట్లో చుక్క నీళ్ళు నిలబడలా. మొక్కలు నిటారుగా ఉన్నయ్. కబురూ లేదు, కాకరగాయా లేదు. తీగ పందిరెక్కింది. పూత కనపడ్డ రోజున అంకమ్మ పందిరికింద కూలబడి, "నేనొచ్చిన కొత్తలో నా పాదు కూడా ఇట్టానే వాలిపోయిందే. మా అత్త ఇంక నన్ను గింజ ముట్టుకోనియ్యలా. చీపురిచ్చింది" అంది. అని, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని చిన్నపిల్లలాగా ఏడ్చిందంట. ఆ ఏడు పొలంలో మొదటి గింజ పేరమ్మ వెయ్యలా, అత్త గుప్పిట్లో పోసి ఆవిడ చేతే వేయించింది. మరి చెయ్యి మంచిది కాదన్నోళ్ళు ఏమయ్యారంటారా? ఏమవుతారు, చిక్కుళ్ళు కోస్తన్నారని తెలియగానే కొంగులు పట్టుకుని అందరికంటే ముందొచ్చి నిలబడ్డారు.