నీలిమందు ఆకాశం

రవెన్నా పక్కన ఒక చిన్న ఊరి చర్చి. బలిపీఠం వెనక వంపు గోడకు కట్టిన పరంజా ఇంకా విప్పలేదు, గోడ మీద కప్పిన గుడ్డ తియ్యలేదు. గోడకు రంగు గాజు ముక్కలు పొదిగే కార్ఖానా యజమానురాలు ఎర్సీలియా కంటి ఆపరేషన్ అయ్యాక మొదటిసారి పని చూడటానికి వచ్చింది. పక్కన, ఆమెను మాయెస్త్రా, అంటే గురువమ్మా అని పిలిచే శిష్యుడు దెల్మో, నలభై దాటినవాడు.

"ఆ గుడ్డ లాగెయ్ అంటున్నానా లేదా?"

"లాగుతాను మాయెస్త్రా. ముందా బెంచీ మీద కూర్చోండి. ఆయాసపడుతున్నారు."

"కోత పడింది నా కంటికి, కాళ్ళకు కాదు. అదీ ఒక్క కంటికే. రెండోదానికి వచ్చే నెల రమ్మన్నాడు ఆ డాక్టరు కుర్రాడు. వెలుగంటే తరంగాలమ్మా అని నాకు పాఠం మొదలెట్టాడు! మీసం సరిగ్గా మొలవలేదు వాడికి. యాభై ఏళ్ళుగా వెలుగును పట్టుకొచ్చి గోడలకు అతికిస్తున్నదాన్ని, నాకు చెబుతాడూ?"

"ఇంకేమన్నాడు?"

"ఏమంటాడు! కంట్లో బిళ్ళ తేనె రంగుకు తిరిగింది, తీసేసి కొత్తది పెట్టానన్నాడు. తేనె కాకపోతే ఆముదం, ఎవడిక్కావాలి? బిల్లు మాత్రం మేలిమి బంగారం రంగులో ఉంది."

"ఇప్పుడు బాగా కనబడుతోందా?"

"కనబడుతోంది కాబట్టే ఇంట్లో రభస. నేను ఆసుపత్రిలో ఉండగా మా కోడలు మిరెల్లా వంటింటికి వెల్ల వేయించింది. నాతో ఒక్క మాటైనా అనకుండా! వెన్న రంగు గోడలు నావి. వచ్చి చూద్దును కదా, ఆసుపత్రి తెలుపు. అడిగితే, నేనేం వేయించలేదు అత్తయ్యా అని బుకాయింపు. దుప్పట్లకు కూడా ఏదో చౌకబారు సబ్బు వాడుతోంది, ఒకటే తెల్లగా మెరుస్తున్నాయి. అడిగితే ఏడుపు."

"మిరెల్లా గారు అబద్ధమాడే మనిషి కాదండి."

"మా కోడలికి సర్టిఫికెట్ ఇవ్వడానికి నువ్వెవరివి? గుడ్డ లాగు."

"రేపు ఆవిష్కరణకు బిషప్ గారు వస్తున్నారు కదా. అందరితోపాటు అప్పుడే చూస్తే…"

"ఏం, పెళ్ళికూతురా, ముహూర్తం దాకా తెర పట్టడానికి? లాగరా!"

"లాగాను. మాయెస్త్రా? నీళ్ళు తెమ్మంటారా?"

"ఇదేమిటి?"

"ఆకాశం."

"ఇది ఆకాశమా? ఒరేయ్, దీన్ని ఆకాశమంటారా ఎవరైనా? బట్టలకు పెట్టే నీలిమందు ఇది! బకెట్లో కలిపి గోడ మీద కుమ్మరించినట్టుంది. నా ఆకాశం ఏదీ?"

"అదేనండి."

"అదే ఏమిట్రా, అదే? నేను పెట్టింది పొద్దు గుంకాక పైన్ తోపు మీద మిగిలే నీలం. బూడిద కలిసిన నీలం. మా నాన్న ఉప్పుమడుగుల్లో పాముచేపలు పట్టుకుని పడవ ఇంటికి తిప్పేటప్పుడు, ఒళ్ళో కూర్చుని రోజూ చూసేదాన్ని. అది చూస్తే మనిషి తనంతట తను గొంతు తగ్గించుకుంటాడు. ఇది చూస్తే ఐస్‌క్రీమ్ కొనుక్కుందామనిపిస్తోంది. రిమినీ బీచిలో గొడుగులకు వేస్తారు ఈ రంగు!"

"లైట్ల వల్లేమో. ఫాదర్ గారు కొత్త లైట్లు పెట్టించారు…"

"ఆర్పెయ్."

"ఆర్పాను."

"తలుపులు తెరువు. రెండూ బార్లా తెరువు. ఎండ పడనీ… చూడు, ఇంకా ఘోరం! దీపం కింద నీలిమందు, ఎండలో మైలుతుత్తం. లైట్ల మీదకు తోస్తున్నావా? ఆడలేక మద్దెల ఓడన్నాడట, నీబోటివాడే."

"పోనీ కొవ్వొత్తితో చూడండి. ఇదిగో, వెలిగించాను. రేపు ప్రార్థన జరిగేది కొవ్వొత్తుల వెలుగులోనే కదా."

"ఊఁ. ఇప్పుడు కాస్త నయం."

"నయమే కదండీ?"

"కొవ్వొత్తి వెలుగులో గాడిద కూడా గుర్రంలాగే ఉంటుంది. ఆర్పు దాన్ని! నక్షత్రాలు మాత్రం నావే. ఆ బంగారం, ఆ మెరుపు, అవి నేను పెట్టినవే. అక్కడ నీ పాపిష్టి చెయ్యి పడలేదు."

"నా చెయ్యేమిటండి?"

"ఒరేయ్ దెల్మో, నా మొహంలోకి చూడు. నేను మంచం మీదున్నన్నాళ్ళూ ఈ చర్చి తాళం ఎవరి దగ్గరుంది?"

"నా దగ్గరే."

"పరంజా ఎక్కింది ఎవరు?"

"తుడవడానికి నేనే ఎక్కాను. కానీ…"

"కానీ లేదు, గీనీ లేదు. నా ఆకాశం పీకేసి నీది పెట్టావు."

"మాయెస్త్రా!"

"ఇన్నాళ్ళూ కింద కూర్చుని సున్నం కలుపుతూ కడుపులో ఇది పెట్టుకున్నావన్నమాట. ముసలిది పడుకుంది, లేస్తుందో లేదో, గోడ మీద మన పనితనం చూపిద్దామని!"

"ఇంత గోడ ఇన్ని రోజుల్లో ఒక్కడి వల్ల ఎలా అవుతుందండీ?"

"దొంగపనికి చేతులు చురుగ్గా ఆడతాయిలే."

"గాజు ముక్కలు అవేనండి. వెనిస్ బట్టీ నుంచి మీరు తెప్పించినవే. ఏ రంగు ఎంత కావాలో మీరే ఫోన్లో చెప్పారు."

"ఈ రంగు నేను తెప్పించానా? నా పిల్లి కూడా తెప్పించదు!"

"ఏమిటా కేకలు, ఎర్సీలియా గారూ? సంతలో కూరగాయలవాళ్ళు కూడా బేరాలాపి వింటున్నారు."

"రండి ఫాదర్, మంచి సమయానికొచ్చారు. ఈ ఆకాశం చూసి మీకేమనిపిస్తోంది?"

"నాకా? చక్కగా ఉందమ్మా. గుడ్డ కప్పకముందు, బాప్తిస్మానికి తెచ్చిన పసివాళ్ళు కూడా ఏడుపాపి పైకి చూసేవారు."

"మీకు నచ్చింది కదా, ఇంక నాకు అనుమానమే లేదు. పోయిన క్రిస్మస్‌కి బాలయేసు తొట్టి చుట్టూ ఎర్ర బల్బులు, పచ్చ బల్బులు చుట్టిన మనిషి మీరు."

"అవి పిల్లలు అడిగారు…"

"వినండి. రేపు బిషప్ గారి ముందు, జనమందరి ముందు చెబుతాను. ఇది నా పని కాదు, వీడి దొంగపని అని. నా తర్వాత కార్ఖానా వీడికి రాసిద్దామనుకున్నాను, ఇంకో గాడిద దొరక్క. అదింక లేదు. రవెన్నాలోనే కాదు, సముద్రం దాకా ఏ చర్చిలోనూ, ఏ కార్ఖానాలోనూ వీడి చేతికి గాజు ముక్క ఇచ్చేవాడుండడు. స్నానాల గదులకు టైల్స్ అతికించుకోమనండి. ఆ నీలం వాటికి సరిపోతుంది."

"అయ్యో, అంత మాటనకండి. ఇది ఎవరూ మార్చలేదమ్మా. నేను రోజూ చూస్తూనే ఉన్నాను. మీరు పెట్టిన దగ్గర్నుంచీ ఇది…"

"ఫాదర్!"

"చెప్పనివ్వు దెల్మో."

"మీరు ఊరుకోండి ఫాదర్. మీకు దండం పెడతాను."

"నీ బతుకు పోతోందయ్యా!"

"పోతే పోనివ్వండి. రేపటి రోజు ఆవిడది. అది గడవనివ్వండి."

"ఏమిట్రా ఆ గుసగుసలు? నాకు కన్నుకే జబ్బు, చెవులు దివ్యంగా ఉన్నాయి. సూటిగా చెప్పు. మార్చావా, లేదా?"

"మార్చాను."

"దెల్మో! చర్చిలో నిలబడి…"

"మార్చాను ఫాదర్. నేనే మార్చాను."

"విన్నారా? విన్నారా ఫాదర్? ఎందుకు మార్చావురా?"

"కాస్త కాంతిగా ఉంటే బాగుంటుందనిపించింది."

"అనిపించింది! వీడికి అనిపించింది! కోతికి కొబ్బరికాయ దొరికినట్టు నా గోడ దొరికింది వీడికి. ఇన్నేళ్ళు నా దగ్గరుండి నువ్వు నేర్చుకున్నది ఇదా? చిన్న పిల్లాడు కూడా వెయ్యడురా ఈ నీలం. నీ కళ్ళు కాకులకు పెట్టు, వాటికైనా ఉపయోగం."

"అలాగేనండి."

"అలాగే అంటాడేమిటి! ఎదురు చెప్పడానికైనా పౌరుషం ఉండాలి కదా. సుత్తి తే."

"ఎందుకండీ?"

"మొదటి ముక్క నేను ఊడగొడతాను. మిగతా గోడంతా రేపు నువ్వు ఊడగొడతావు, బిషప్ గారు చూస్తుండగా."

"పరంజా ఎక్కకండి, మీకు చూపు ఇంకా కుదురుకోలేదు. కళ్ళు తిరుగుతాయి."

"నా నడుం పట్టుకో. దొంగ చేతులైనా పట్టుకోవడానికి పనికొస్తాయి. ఫాదర్, మీరు నిచ్చెన కింద నిలబడి ప్రార్థన చేసుకోండి. నేను పడితే మీ మీదే పడతాను."

"దేవుడా!"

"ఆఁ, అదే. గట్టిగా చెయ్యండి. దెల్మో, వదులు. నిలబడ్డానులే. ఎక్కడ మొదలెడదాం? ఈ నక్షత్రం పక్కన. దగ్గర్నుంచి చూస్తే మరీ అసహ్యంగా ఉంది. ముక్క గట్టిగానే కరుచుకుందే… ఆగు."

"ఏమైందండీ?"

"మాట్లాడకు."

"మాయెస్త్రా, కిందికి దిగుదాం రండి."

"మాట్లాడకు అన్నానా! నీది ఏ చెయ్యి వాటం?"

"కుడి."

"కుడిచేత్తో పెడితే ముక్క ఎడమకు ఒరుగుతుంది. వెలుగు పట్టుకోవాలని ఎవరైనా కాస్త వాల్చే పెడతారు, కానీ ఎటు వాల్చినా చేతివాటం దాగదు. అరచేత్తో రాస్తే చెప్పెయ్యొచ్చు. ఇవి కుడికి ఒరిగాయి."

"అన్నీ కాదేమోనండి."

"ఇదిగో, ఈ వరుస. కింద వరుస. ఆ మూల చూడు, అది కూడా. అన్నీ కుడికే ఒరిగాయిరా. మన కార్ఖానాలో ఎడమచేతివాటం ఎవరిది? ఫాదర్! మీరు చెప్పండి, ఎవరిది?"

"మీదేనమ్మా. మీ ఒక్కరిదే."

"మరి ఈ రంగు? నా చెయ్యి ఈ రంగు ఎలా పెడుతుంది? తాగి పెట్టానా? మతిపోయి పెట్టానా?"

"దిగండి మాయెస్త్రా. మీకు పుణ్యముంటుంది."

"ఉండరా. ఈ కొత్త కంటికి అరచెయ్యి అడ్డం పెట్టాను. పాత కంటితో చూస్తున్నాను. ఓరి నాయనో…"

"ఏమమ్మా? ఏం కనబడుతోంది?"

"ఉంది ఫాదర్. నా ఆకాశం ఇక్కడే ఉంది. పైన్ తోపు మీది నీలం, బూడిద, అంతా ఉంది. మా నాన్న పడవ ఒక్కటే తక్కువ… ఇప్పుడు ఇది మూసి అది తెరుస్తున్నాను. నీలిమందు. మళ్ళీ ఇది. ఆకాశం. మళ్ళీ అది. నీలిమందు."

"చాలు, అలా చూడకండి."

"తేనె రంగు బిళ్ళ అన్నాడు కదూ ఆ కుర్రాడు. తేనెలోంచి చూస్తే నీలం చచ్చిపోతుంది. చచ్చింది కదా అని ఇంకాస్త పోశాను. ఆ ఇంకాస్తా చచ్చింది. ఇంకా పోశాను. గోడంతా పోశాను! యాభై ఏళ్ళ పేరు పెట్టుకుని, కొత్తగా రంగులపెట్టె దొరికిన పిల్లలా పోశాను. చీ! చీ నా బతుకు!"

"అలా అనకండి. జనానికి నచ్చింది కదమ్మా."

"జనానికి! ఫాదర్, మీరు నోరు తెరవకండి, ఇంకా మండుతుంది నాకు. పాపం మిరెల్లా. వంటింటి గోడలకు ఎవరూ వెల్ల వెయ్యలేదన్నమాట. వెళ్ళి దాని కాళ్ళు పట్టుకోవాలి కాబోలు."

"సుత్తి ఇలా ఇవ్వండి, నేను పట్టుకుంటాను."

"ఇవ్వను. నువ్వు… నువ్వేమిట్రా, చెయ్యని దొంగతనం ఒప్పుకున్నావు? పొట్ట కూడు పోతుందని తెలిసీ ఒప్పుకున్నావు! నా మీద జాలా? నా మీద నువ్వు జాలిపడేంతవాడివయ్యావా?"

"జాలి కాదండి. రేపు మీరు మీ ఆకాశం కింద సంతోషంగా నిలబడితే చాలనుకున్నాను. ఆ తర్వాత ఎలాగో చెబుదామనుకున్నాను."

"ఎప్పట్నుంచి తెలుసు నీకు? నిజం చెప్పు."

"మొదటి పళ్ళెంలో ముక్కలు ఏరుతున్నప్పుడే తెలుసు."

"అంటే రెండేళ్ళు! రెండేళ్ళుగా నేను ఈ గోడను తగలేస్తుంటే నువ్వు కింద నిలబడి చూశావు. నోట్లో బెల్లంగడ్డ పెట్టుకున్నావా? నేను మూడు వరుసల దగ్గరే ఆగిపోయుండేదాన్ని కదరా! కంటి డాక్టరు దగ్గరికి అప్పుడే వెళ్ళేదాన్ని. ఈ గోడ మిగిలేది. నాకు మిగిలింది ఇదొక్క గోడేరా, ఇంకో ఆకాశం పెట్టేంత ఓపిక నాకెక్కడుంది? గురువు గోతిలో పడుతుంటే చెప్పనివాడు శిష్యుడా? పిరికిపందా! ఒక్కసారి, ఒక్కసారి నోరు విప్పి చెప్పలేకపోయావా?"

"చెప్పాను మాయెస్త్రా. మీరు మూడో వరుస మొదలెట్టేటప్పుడు, నీలం మరీ ఎక్కువవుతోందండీ అని చెప్పాను. రంగుగుడ్డి వెధవా అని అందరి ముందూ నన్ను పరంజా దింపేసి, సున్నం కలపడానికి తోలింది అందుకే కదా."