బొమ్మ రాని కేబుల్

నిజాంపేటలో హాస్టళ్ళ సందు చివర, మూతబడిన ఆఫీసుల నుంచి తెచ్చిన పాత కంప్యూటర్ సామాను అమ్మే దుకాణం. గల్లా ముందు యజమానురాలు వసంత. ఎదురుగా, మెళ్ళో ఆఫీసు కార్డు తీయడం కూడా మరిచిపోయి మిట్టమధ్యాహ్నం వచ్చిన జశ్వంత్.

"పనిచేసే కేబుల్ ఒక్కటి గూడ లేదు సారు. ఒట్టు, లేదు."

"నేనడిగింది పనిచేసేది కాదమ్మా."

"ఏందీ?"

"పనిచెయ్యనిది కావాలి."

"సారు, ఎండల పడి వచ్చినట్టున్నరు. గా స్టూల్ మీద కూసోండ్రి. ముందుగాల ఇన్ని నీళ్ళు తాగుండ్రి."

"మతి ఉండే అడుగుతున్నానమ్మా."

"మతి లేదని నేనన్ననా? పనిచేస్తలేదని తెచ్చి మొకాన కొట్టినోళ్ళు మస్తుమంది ఉన్నరు. పనిచెయ్యనిదే కావాల్నని అడిగినోళ్ళను మాత్రం ఇప్పుడే సూస్తున్న."

"పాడైపోయింది వద్దు. తెగింది, కాలింది అసలే వద్దు. చూడ్డానికి బాగుండాలి. కంప్యూటర్ వెనక కార్డులో బిగువుగా కూర్చోవాలి, రెండు పక్కలా స్క్రూలు పట్టాలి. తెర మీద బొమ్మ ఒక్కటే రాకూడదు."

"గసొంటిది ఎట్లుంటది?"

"ఉంటుందండి. ఈ రకం మూతి పాత రోజుల్లో రెండు మూడు కంపెనీలు వాడేవి. లావు పిన్నులు మూడు, సన్నవి పది. మూతి అన్నిటికీ ఒకటే. లోపల తీగలు మాత్రం ఎవరికి తోచినట్టు వాళ్ళు కలుపుకున్నారు. ఒకరి కేబుల్ తీసుకెళ్ళి ఇంకొకరి కార్డుకి పెడితే ముద్దుగా కూర్చుంటుంది. తెర మాత్రం చీకటే."

"అమ్మో. మా ఆయనేమో మూతి కలిస్తె చాలు, పని అయిపాయె అని అమ్ముతడు. అందుకేనేమో అందరు వాపస్ తెస్తరు."

"ఆయన లేరా?"

"యాదయ్యనా? కొండాపూర్ల ఎవరిదో ఆఫీసు ఖాళీ చేస్తున్నరంటె ఆటో ఏస్కొని పోయిండు. సరే, గా మూల సంచిల ఉంటే ఉండొచ్చు. కానీ సారు, జర ఒక్క మాట."

"అడగండి."

"ఎవరిని మోసం చేస్తందుకు?"

"మోసం అనకండమ్మా."

"మరేమనాలె?"

"మా ఆవిడ కోసం."

"ఓరి దేవుడా. ఇంటామెనేనా!"

"మీరు అనుకుంటున్నది కాదు. అసలు ఏం జరిగిందంటే... ఒక్క నిమిషం, ఫోను. చెప్పు ఉదయా... ఆఁ, ఆఫీసులోనే... లేదు, ఇంకా దొరకలేదు... చూస్తాలే, సాయంత్రం అమీర్‌పేట వైపు వెళ్ళొస్తాను... తిన్నాను... పెరుగన్నమే, బాక్సు ఖాళీ... లేదు లేదు, బాగానే ఉన్నాను. సరే, ఉంటా."

"తిన్నరా?"

"లేదు."

"అమీర్‌పేటకు పోతరా?"

"పోను."

"ఆఫీసుల ఉన్నరా? అది నాకే కనవడుతున్నది తియ్యుండ్రి. ఇంతసేపు మాట్లాడితిరి, ఒక్కటన్న నిజం లేదాయె."

"ఉదయా అని పిలిచాను కదా. అది నిజం."

"నవ్వొస్తలేదు సారు. ఏమడిగింది మేడమ్?"

"కేబుల్ దొరికిందా అని. రోజూ అదే. పొద్దున బయల్దేరేటప్పుడు ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, ఇంటికెళ్ళాక ఒకసారి."

"దొరికితె సంబురపడుతది గద. సంబురపడనియ్యరాదు?"

"దొరికితే ఇంట్లో ఉన్న ఆ పాత కంప్యూటర్ మిషన్ ఆన్ చేస్తుంది. చేస్తే అందులో ఏమీ లేదని తెలిసిపోతుంది."

"ఏముండాలె అండ్ల?"

"వాళ్ళ తమ్ముడి గొంతు."

"తమ్ముడా?"

"మధు అని. నాకు బావమరిది. అంతకుముందు నుంచే స్నేహితుడు. మాదాపూర్‌లో ఒక చిన్న యానిమేషన్ స్టూడియోలో పక్కపక్క కుర్చీల్లో పనిచేసేవాళ్ళం. మా పెళ్ళి కుదిర్చిందే వాడు. 'మా అక్కని చూడు, నచ్చకపోతే నా ముఖం చూడకు' అన్నాడు."

"నచ్చింది మరి."

"నచ్చకపోవడమేంటి. అదిగో, ఆ రోజుల్లో వాడు సొంతంగా ఒక చిన్న సినిమా చేశాడు. ఒక పీత. దారి తప్పి మాదాపూర్ బండల్లోకి వచ్చేస్తుంది. అప్పుడు అక్కడ ఇన్ని మేడలు ఎక్కడివి, అన్నీ బండలే కదా. కనపడిన ప్రతి బండనీ ఆపి 'సముద్రం ఎటండీ' అని అడుగుతుంది. ఆ పీతకి గొంతు వాడే ఇచ్చాడు."

"బండను ఆపుడేంది సారు, అది నడుస్తదా?"

"అదేనమ్మా. అదే వాడి వెటకారం. బొమ్మ పూర్తి కాకముందే ఆ పీతని తలుచుకుని ఉదయ పడీపడీ నవ్వేది."

"తర్వాత?"

"డెంగీ. మామూలు జ్వరమే అనుకున్నాం. ఆసుపత్రికి తీసుకెళ్ళేసరికి ఆలస్యమైపోయింది. తర్వాత స్టూడియో మూసేశారు, వాడి మిషన్ మేం ఇంటికి తెచ్చుకున్నాం. చూస్తే ఏడుపొస్తుందని ఉదయ దాన్ని అటక మీద పెట్టించింది. ఇన్నేళ్ళూ దాని పేరెత్తలేదు. ఇప్పుడు కోకాపేటకి ఇల్లు మారుతున్నాం. సామాను దింపుతుంటే అదీ దిగింది."

"దిగంగనే యాదికొచ్చింది."

"అప్పట్లో ఫోన్లలో వీడియోలు ఎక్కడివండీ. ఫొటోలున్నాయి. గొంతు మాత్రం ఆ ఒక్కదాంట్లోనే ఉంది. మా అమ్మాయి అడిగింది, 'మామయ్య ఎలా మాట్లాడేవాడమ్మా' అని. ఉదయ నోరు తెరిచింది, చెప్పలేకపోయింది. ఆ రోజు పట్టుకుంది ఈ పట్టు. కేబుల్ తెండి, కేబుల్ తెండి."

"గా డిస్క్ తీసి ఇంకో దాంట్ల పెట్టరాదు సారు? మా ఆయన గట్లనే సూస్తడు."

"తీశాను. ఆవిడ విజయవాడ పెళ్ళికి వెళ్ళినప్పుడు. పాత డిస్కుల్లోంచి సమాచారం లాగేవాళ్ళుంటారు కదా, వాళ్ళకిచ్చాను. డిస్క్ లోపల తిరిగే పళ్ళెం మొత్తం గీసుకుపోయింది, ఏమీ మిగల్లేదన్నారు. నమ్మబుద్ధి కాక ఇంకొకరి దగ్గరికెళ్ళాను. వాళ్ళదీ అదే మాట. తెచ్చి మళ్ళీ మిషన్లో బిగించేశాను."

"మేడమ్‌కు చెప్పలే."

"చెబుదామనే కూర్చున్నానమ్మా. ఆవిడ ఊరి నుంచి వచ్చింది. వచ్చీ రాగానే సంచిలోంచి కొత్త స్పీకర్లు తీసింది. 'పాతవి గరగరమంటాయండీ, వాడి గొంతు శుభ్రంగా వినపడాలి' అని. మిషన్‌కి చెరో పక్కనా పెట్టి, దూరంగా నిలబడి చూసుకుని, మళ్ళీ సర్ది... నేనేం చెప్పను? మీరైతే చెప్పేవారా?"

"నన్నడగకుండ్రి."

"అదీ సంగతి."

"ఇదేం సంగతి సారు? ఇయ్యాల గాకుంటె రేపు తెలుస్తది."

"రేపటి సంగతి రేపు. ఇల్లంతా ఎలా ఉందో తెలుసా మీకు? ఇన్నేళ్ళకి వాడి కబుర్లు చెబుతోంది, నవ్వుతోంది. మొన్నటి నుంచి మరీ హుషారు. పొద్దున్నే వంటింట్లో కూనిరాగం. నేను వట్టి చేతులతో వెళ్తే గుమ్మంలోనే ఎదురొచ్చి 'ఇవాళ కాకపోతే రేపు దొరుకుతుందిలెండి, దిగులు పడకండి' అని నాకే ధైర్యం చెబుతోంది."

"మొన్నటి సందేనా?"

"అవును. ఏం?"

"ఏం లే. ఉత్తగనే అడిగిన. మీరు నిజంగ దిగులు పడుతున్నరా?"

"పడనా? అబద్ధం చెప్పడం కూడా పనేనండీ. సాయంత్రం ఆఫీసు అయ్యాక కారు తీసుకెళ్ళి ఎక్కడో రోడ్డు పక్కన ఆపుకుని కూర్చుంటాను. ఏ దుకాణమూ ఎక్కను. ఆవిడ పడుకునే వేళకి ఇంటికెళ్ళి, తిరిగీ తిరిగీ కాళ్ళు లాగుతున్నాయంటాను. వేడినీళ్ళు పెట్టి కాళ్ళు పిసుకుతుంది. అప్పుడనిపిస్తుంది, చచ్చిపోతే బాగుండునని."

"శుభమా అని మధ్యాహ్నం పూట గా మాటలేంది. ఊకోండ్రి."

"మీకు చెప్పుకున్నాను. ఇంకెవరికి చెప్పను."

"సారు, ఏమనుకోకుండ్రి. మీకు యాదికున్నదా, ఆ పిలగాని గొంతు?"

"ఇప్పుడదెందుకమ్మా."

"చెప్పకుంటె మానె."

"పీత మాటలన్నీ వచ్చమ్మా నాకు. మొదటి నుంచి చివరిదాకా పొల్లుపోకుండా చెబుతాను. ఎక్కడ ఆగాడో, ఎక్కడ దగ్గాడో కూడా తెలుసు. కానీ గొంతు... గుర్తు తెచ్చుకుందామని కళ్ళు మూసుకుంటే నా గొంతే వినపడుతోంది. వాడిది రావట్లేదు. పక్క కుర్చీలో కూర్చున్నవాణ్ణి, నాకే రావట్లేదు. ఇది ఉదయకి ఏ ముఖం పెట్టుకుని చెప్పను?"

"అందుకేనా మీకింత పరేషాన్."

"అందుక్కూడా."

"చెప్పుండ్రి సారు. నా మాటినుండ్రి. ఇద్దరు కూసోని ఒక్కపారి మనసార ఏడ్వుండ్రి. పోతది. గిట్ల మీరిద్దరు ఎవరికి వాళ్ళు..."

"ఎవరికి వాళ్ళేంటి?"

"అంటే... మీరు కారుల, ఆమె ఇంట్ల అంటున్న."

"ఆవిడ ఏడవట్లేదు కదమ్మా. అదే నేను చెప్పేది. నవ్వుతోంది. ఆ నవ్వు నా చేతులతో తీసెయ్యమంటారా? వాడు పోయిన రోజు శ్మశానం దాకా వెళ్ళలేక గుమ్మంలో కూలబడిపోయిన మనిషి. మళ్ళీ అంత కబురు నేను చెప్పలేను. నా వల్ల కాదు."

"మరి గీ పనిచెయ్యని కేబుల్‌తోని ఏం జేస్తరు?"

"ఆదివారం ఆవిడ ముందే పెడతాను. స్క్రూలు బిగిస్తాను, మిషన్ ఆన్ చేస్తాను. ఫ్యాను తిరుగుతుంది, లైటు వెలుగుతుంది. బొమ్మ రాదు. 'అయ్యో, ఇది వేరే కంపెనీదే, మనకి కావాల్సింది ఇది కాదు' అంటాను. ఇంకొన్నాళ్ళు గడుస్తుంది."

"గట్ల ఎన్నొద్దులు?"

"గడిచినన్ని. సంచీ చూస్తారా కాస్త?"

"సూస్త తియ్యుండ్రి. గిది ప్రింటర్‌ది... గిది ఏందో నాకే తెల్వది... ఇగో, ఇదా? లావు పిన్నులు మూడున్నయి."

"ఇలా ఇవ్వండి... ఆఁ. దీని మీద చీటీ చూడండి, వేరే కంపెనీది. ఇదే. సరిగ్గా ఇదే. ఎంతివ్వమంటారు?"

"ఏమొద్దు."

"అదేంటమ్మా!"

"పనిచెయ్యని సామానుకు పైసలు తీస్కుంటె నాకు అన్నం సయిస్తదా? తీస్కపోండ్రి. కానీ సారు, ఇంకోపారి సోంచాయించుండ్రి."

"ఆలోచించే వచ్చాను. ఇంకో చిన్న సాయం. మీరు కాదనకూడదు."

"మళ్ళేంది?"

"'మీ వల్ల కావట్లేదు, నేనే వెళ్ళి వెతుకుతాను' అని పోయిన వారం అంది ఉదయ. ఇలాంటి సామాను ఉండేది మీ దగ్గరేనని ఎవరైనా చెబుతారు. వచ్చిందనుకోండి, కాస్త పొడుగ్గా ఉంటుంది, కళ్ళజోడు, మాట మెల్లగా..."

"ఊఁ."

"ఎంత బతిమాలినా సరే, పనిచేసే కేబుల్ ఇవ్వకండి. లేదని చెప్పండి. అలాంటివి ఇప్పుడు రావట్లేదని చెప్పండి. మాటివ్వండమ్మా."

"నాతోని గాదు సారు."

"దండం పెడతాను."

"ఒద్దు, ఒద్దు, చేతులు దించుండ్రి. నేనెట్ల ఇయ్యాలె ఆ మాట?"

"ఒక్క మాటే కదమ్మా. లేదు అనడం. ఇందాక నాతో అన్నారు కదా, అలాగే."

"అగో. మీతోని ఎందుకన్ననో తెలుసా మీకు?"

"ఎందుకు? నిజంగా లేదనుకున్నాను. ఉందా? ఉండీ లేదన్నారా? ఎందుకమ్మా, నాకెందుకు లేదన్నారు?"

"మాటిచ్చిన గనుక. నోరు మూసుకుందామనే అనుకున్న, మీ మొకం సూస్తె నాతోని అయితలేదు. మొన్న మేడమే వచ్చింది సారు. అంతకుముందే నా తాన కేబుల్ కొనుక్కపోయి, మీరు ఆఫీసుకు పోయినంక పెట్టి సూసిందట. తెర మీద బొమ్మ మంచిగనే వచ్చిందట, డిస్క్ లోపలనే ఏం మిగల్లేదట. ఆ కేబుల్ తెచ్చి గీ గల్లా మీద పెట్టి, నా రెండు చేతులు పట్టుకొని ఏమన్నదో ఎర్కనా? 'మా ఆయన వస్తారు వసంతా. ఆ గొంతు కోసం రోజూ రాత్రి దాకా రోడ్లు పట్టుకుని తిరుగుతున్నారు. పనిచేసే కేబుల్ మాత్రం ఆయనకి ఇవ్వకు, తట్టుకోలేరు' అన్నది."