పెంచడానికి ఇంగ్లీషు మాట

పాల్వంచ, 1984. ఫ్యాక్టరీలో కొత్త యంత్రాలు బిగించడానికి వచ్చిన రష్యా ఇంజనీరు భార్యకు ఇంగ్లీషు చెప్పి, స్తెఫను మాస్టారు దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరాడు. భార్య ఇన్నమ్మ గడపలో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది.

"నాలుగింటికి అయిపోయే పాఠం. ఇంతసేపు ఏం చెప్పినవు ఆ గలీనమ్మకు?"

"చెప్పలే. నేర్చుకున్న."

"ఆమె దగ్గర నువ్వు ఇంగ్లీషు నేర్చుకున్నవా?"

"అట్లనే అనుకో. ముందు మంచినీళ్లియ్యి."

"కుండ నీ పక్కనే ఉన్నది. ముంచుకో."

"ఇయ్యాల పిల్లల పెంపకం మీద, చదువుల మీద మాటలు కావాలన్నది. బిడ్డ నాద్యాను కాలనీ బడిల ఏస్తున్నరు కదా. పెద్ద టీచరమ్మకు రష్యా భాష రాదు, ఈమెకు ఇంగ్లీషు అంతంత మాత్రం. పిల్ల మొండిది, చీకటంటే భయం, కోపం చేస్తే అన్నం తినదు, గివన్నీ ఎట్ల చెప్పాలె అని."

"మంచిదే కదా."

"మంచిదే. మొదటి మాటకాడనే తగువైంది. నాద్యాను 'గ్రో' చేస్తున్న అన్నది. నేను నవ్విన. మిర్చిని గ్రో చేస్తరమ్మా, పిల్లల్ని బ్రింగప్ చేస్తరు అన్న. ఆమె ఒప్పుకోదు. వాళ్ల భాషల రెండింటికీ ఒకటే మాట సరిపోతదంట."

"మనకు మాత్రం రెండున్నయా? మిర్చితోటా పెంచుతం, పిల్లల్నీ పెంచుతం."

"అదే, అప్పుడు నాకు తట్టలే. పెద్ద పంతులు లెక్క నవ్వుకుంట కూసున్న. ఇంకో మాట గూడ చెప్పింది. పిల్లలకు బుద్ధులు నేర్పి పెద్దచేసుడును వాళ్లు 'వస్‌పితానియె' అంటరంట. దాన్ల కడుపుకు పెట్టుడు అనే మాట దాగున్నదంట. దానికి ఇంగ్లీషుల ఏమంటరు అన్నది. ఎడ్యుకేషన్ అన్న. కాదన్నది. డిసిప్లిన్ అన్న. బెత్తం ఆడిచ్చినట్టు చెయ్యి ఊపి, ఇదేనా అన్నది."

"అది నీకు బాగనే వచ్చు."

"వచ్చు కాబట్టే స్ట్రిక్ట్ అనే మాట మస్తు ఉషారుగ చెప్పిన. నేను స్ట్రిక్ట్ తండ్రిని, నన్ను చూస్తే మా బిడ్డ కూసున్నది లేస్తది అని వాక్యం చెప్పిన. రాసుకున్నది పాపం."

"ఆ బిడ్డ ఇప్పుడు ఎక్కడున్నదని చెప్పినవు?"

"ఈనెలు సరిగ్గ తియ్యి, గొంతుల పడ్తయ్."

"ఎక్కడున్నదని చెప్పినవు?"

"ఖమ్మంల, హాస్టల్ల. మొదట్నుంచి అట్లనే చెప్తున్న. ఫస్టుక్లాసని గూడ చెప్పిన."

"ఇంటర్ల ఇంగ్లీషు తప్పిన పిల్లకు ఫస్టుక్లాసు."

"ఇంగ్లీషు మాస్టరు బిడ్డ ఇంగ్లీషుల తప్పిందని ఇంగ్లీషుల ఎట్ల చెప్పాలె చెప్పు?"

"సరే. తర్వాత?"

"తర్వాత ప్రెయిజ్ వచ్చింది. మెచ్చుకొనుడు. అర్థం చెప్పిన, కాగితం మీద రాసిచ్చిన. ఆమె ఊకోలే. మీ బిడ్డను ఎప్పుడు మెచ్చుకున్నరో ఒక వాక్యం చెప్పండి, నేను కంఠతా పడ్త అన్నది."

"చెప్పినవా?"

"ఎతికిన ఇన్నమ్మా. ప్రమీల చిన్నప్పటి నుంచి ఎతుక్కుంట వచ్చిన. చర్చిల పాట పాడి ప్రైజు తెస్తే, గొంతు వణికింది అన్న. పదో తరగతి పాసైతే, లెక్కల్ల ఏం మార్కులియి అన్న. నీకు జొరమొచ్చినప్పుడు వంటంత అదే చేసింది చూడు, అప్పుడు చారుల ఉప్పెక్కువైందన్న. ఒక్క వాక్యం దొరకలే."

"మరేం చేసినవు?"

"నోరు తెరిచి కూసున్న. ఆమె ఏమనుకున్నదో ఎరుకేనా? నాకు ఆ మాట మతికి లేదనుకున్నది. లోపలికి పోయి డిక్షనరీ తెచ్చి, వేలు పెట్టి చూపిచ్చింది. ప్రెయిజ్ అంటే ఇది మాస్టర్‌గారూ అని. ఇంత సర్వీసు చేసి రష్యా ఆమెతోని అర్థం చెప్పిచ్చుకున్న. నవ్వుతున్నవేంది?"

"నవ్వుతలేను. చెప్పు."

"చాయ్ తాగమన్నది. తాగబుద్ధి కాలే. బయటికొచ్చి ఇంటికే నడుస్తున్న. కొత్తగూడెం బస్సు ఆగింది. నేను చెయ్యెత్తలే. అదే ఆగింది."

"మా అక్క ఇంటికి పోయినవా?"

"ఇంకెక్కడికి పోత? మీ విశ్రాంతమ్మక్క తలుపు తీసి, నన్ను చూసి మళ్ల ఎయ్యబోయింది. మా ఆయన గనిల డ్యూటీ చేసొచ్చి పండుకున్నడు, లొల్లి చెయ్యకు అన్నది. లొల్లికి రాలే వదినా అన్న."

"ప్రమీల?"

"దండెం మీద బట్టలు తీస్తున్నది. చిక్కిపోయింది. కూసున్నది లేస్తదని చెప్పిన గదా, నిలబడ్డది నిలబడ్డట్టే ఉన్నది."

"ఏమన్నవు?"

"బస్సుల దారంతా తయారు చేసుకున్న. దాని మొకం చూస్తే తెలుగు రాలే. ఐ వాజ్ రాంగ్ అన్న."

"ఇంగ్లీషు రాదని దాన్ని తిట్టి, మళ్ల ఇంగ్లీషులనే అన్నవా?"

"అదీ అట్లనే అనుకున్నట్టున్నది. తెలుగుల చెప్పు నాయినా అన్నది."

"చెప్పినవా?"

"చెప్పిన. రిజల్ట్స్ వచ్చిన నాడు చుట్టాలందరి ముంగట, నా బిడ్డవని ఎవరికీ చెప్పకు అన్న కదా. ఆ మాట తప్పు, ఎవ్వరు గూడ బిడ్డను అనగూడనిది అన్న. ఇంకేం చెప్పాలో తోచక, అప్పుడు నువ్వు చేసిన చారు బాగనే ఉండె అన్న."

"ఏడ్చిందా?"

"నవ్వింది. నీ తిట్లకు ఇల్లిడిచి పోతనా నాయినా, పుట్టినకాడి నుంచి వింటలేనా అన్నది."

"మరెందుకు పోయిందంట?"

"అన్నం వండినవా?"

"మరెందుకు పోయిందంట, చెప్పు."

"ఇన్నాళ్లు నా వల్లనే పోయిందని కుమిలిపోయిన. ఆఖరికి తప్పుల గూడ నాకు ఫస్టుక్లాసు రాలే."

"మాట తిప్పకు."

"నేను అట్ల అంటుంటే నువ్వు పక్కనే అన్నం వడ్డిస్తున్నవంట. గరిటె ఆగలేదంట, నోరు లేవలేదంట. నాయిన అంటడని ఎరుకనే, అమ్మ ఊకుంటదని ఎరుకలేకుండె అన్నది."

"నేనేమంట? అందరు కూసోని తింటుండిరి. నువ్వు అరుస్తుంటే మధ్యల నేనేమంట?"

"నేను గూడ అదే చెప్పిన. అమ్మను తప్పు పట్టకు, ఆమెకు నేనంటే భయం అన్న."

"దానికేమన్నది?"

"నాకు గూడ భయమే కదా నాయినా అన్నది. ఇన్నమ్మా, ఆ కాయలు కింద పడ్డయ్."

"పడనియ్యి. రేపు పొద్దుగాల బస్సుకు పోత. నేనే పోయి తోలుకొస్త."

"బస్సెందుకు? నాతోనే వచ్చింది, పక్కింటి భారతమ్మ ఇంట్ల కూసున్నది. నువ్వొచ్చి పిలిస్తేనే ఈ గడప తొక్కుతదంట."