పాలు తెచ్చిన నలుపు

రక్తపరీక్షల ల్యాబు ముందు బల్లమీద పెద్దమ్మ కూర్చుని ఉంది. లోపల పనిచేసే చెల్లెలి కూతురు రెండు ఫిల్ములు పట్టుకుని బయటికొచ్చింది.

"అమ్మో, ఇదంతా నల్లగా ఉందేమిటే! రోగం ఒళ్ళంతా పాకిందా?"

"కాదు పెద్దమ్మా, అది నిన్నటి నా నిర్వాకం. నీ రక్తంలోని ప్రోటీన్లు ఎక్కించిన పొరను, రంగు అక్కర్లేనిచోట అంటకుండా పాలపొడి నీళ్ళలో నానబెడతాం. ఈ పరీక్షకి పాలు కూడదని మరిచి, అలవాటుకొద్దీ నానేశాను."

"పాలేం చేశాయే పాపం?"

"ఒక ప్రోటీన్‌కి ఫాస్ఫేట్ అనే చిన్న ముక్క అతుక్కుంటే అది మేలుకుని కణాల్ని పెరగమంటుంది. పని కాగానే ఊడిపోవాలి. నీ జబ్బులో అది ఊడేది కాదు. మేం వెతికేది ఆ ఫాస్ఫేట్‌నే. పాల ప్రోటీన్లకీ అదే ఉంటుంది, అందుకే అంతా నల్లబడింది."

"నా గుండె ఆగినంత పనైంది కదే! మరి ఈ రెండోది?"

"ఇవాళ పాలు లేకుండా చేశాను. ఈ నల్లగీత ఆ ఫాస్ఫేటే, మాత్రలు మొదలెట్టకముందు నీ రక్తంలోది. పక్కది ఇప్పటి రక్తం."

"పక్కన ఏమీ లేదుగా. మళ్ళీ చెడగొట్టావా?"

"కళ్ళజోడు పెట్టుకుని చూడు."

"పెట్టుకునే చూస్తున్నానే. ఖాళీగా ఉంది."

"ఆ ఖాళీ కోసమే కదా పెద్దమ్మా, ఇన్నాళ్ళూ ఆ మాత్రలు మింగావు."