గంధం పూసిన తుపాకి

రా శశాంకూ, రా. ఆ కుర్చీ కాదు, దానికి కాలు ఊగుతుంది, ఇటొచ్చి కూర్చో. ఫ్లాస్కులో టీ ఉంది, పోసుకో. ఆంటీ ఏదీ అంటావా? వస్తుందిలే, ఎక్కడికి పోతుంది. నువ్వు ఎందుకొచ్చావో నాకు తెలుసు. రమామణిగారు పొద్దున్నే ఫోన్ చేసింది. "మా ఆయన తుపాకి శశాంకు అడగతా ఉండాడు మాస్టారూ, మీరు సరే అంటే ఇచ్చేస్తా, వద్దంటే లేదు" అంది. మధ్యలో నాకెందుకీ పెత్తనం అనుకుంటున్నావు కదూ. నిజమే. తుపాకి నాది కాదు, మందు నాది కాదు, నాకు లైసెన్సు కూడా లేదు. వాళ్ళబ్బాయి మహిధర్ దగ్గర ఇనప బీరువాలో ఉంది అది. ఈస్టరుకి దుప్పివేటకి వెళ్తున్నావట, నీకు లైసెన్సూ వచ్చిందట, ఆ మందు దట్టించే తుపాకే కావాలన్నావట. అన్నీ విన్నాను. చెప్తాను ఉండు. అదుగో, ఆ కంచె పక్కన ఫీజోవా పళ్ళచెట్టు వెనక గోధుమరంగులో ఏదో మెదుల్తోంది, చూడు. నా కళ్ళజోడు లోపలుంది. ఏంటది? కుక్కా? పక్కింటివాళ్ళదా? సరే అయితే. టీలో చక్కెర సరిపోయిందా?

రమామణిగారి భర్త పట్టాభిరామయ్యని నువ్వు చూడలేదు. వాడు పోయేనాటికి నువ్వింకా స్టూడెంట్ వీసాకి ఇంటర్వ్యూలు ప్రాక్టీసు చేస్తూ ఉంటావు. మాది కృష్ణాజిల్లా, వాడిది చిత్తూరు అవతల. బ్యాంకు కంప్యూటర్లలో ఉద్యోగం. న్యూజిలాండ్ వచ్చాక మేము ఇక్కడ హెండర్సన్‌లో పక్కపక్క వీధులు. వాడికి నేను లెక్కలు చెప్పలేదు, ఏమీ చెప్పలేదు, అయినా "మాస్టారూ" అనే పిలిచేవాడు. బడిపంతులు ఏ దేశం పోయినా బడిపంతులే. వాళ్ళ తాత దగ్గర నాటు తుపాకి ఉండేదట, చెనక్కాయ చేలో అడివిపందులు పడకుండా. వాడికి చిన్నప్పటినుంచీ ఆ పొగ వాసన ఇష్టం. ఇక్కడికొచ్చి సెటిల్ అయ్యాక, వాడి పక్కింట్లో, మా పెరటి కంచె అవతలే, కోలిన్ అని ఒక కివీ ముసలాయన గరాజులో అలాంటిదే కనిపించింది. ఇక చూడు. కొత్తల్లుడికి అత్తారింటి అటక మీద పాత స్కూటర్ కనపడ్డట్టు అయింది వాడి పని. కోలినే నేర్పాడు, కోలినే చివరికి ఇచ్చేశాడు.

అందరూ అనేవాళ్ళు, "ఏంటయ్యా పట్టాభీ, ఈ రోజుల్లో ఇదేం తుపాకి, ఒకటి పేల్చి రెండోది నింపుకునేలోపు జింక ఆస్ట్రేలియా వెళ్ళిపోతుంది" అని. వాడు నవ్వేవాడు కాదు. "రెండోది లేదనుకుంటే మొదటిది ఒళ్ళు దగ్గర పెట్టుకోని కాలుస్తాం గదా మాస్టారూ" అనేవాడు. ఆ మాట గుర్తుపెట్టుకో. మళ్ళీ అవసరం పడుతుంది. నింపేటప్పుడు వాణ్ణి చూడాలి. కొలిచి మందు పోసేవాడు. గుడ్డపేలికలో సీసపు గుండు చుట్టి, కడ్డీతో లోపలికంటా దట్టించేవాడు. వెనక ఒక చిన్న గొట్టం ఉంటుంది, దాని మీద రాగిటోపీ కూర్చోబెట్టేవాడు. సుత్తి వచ్చి ఆ టోపీని కొట్టాలి, ఆ నిప్పు గొట్టంలోంచి లోపలికి పోవాలి, అప్పుడు మందంటుకోవాలి. ఇంత సంసారం. మధ్యలో ఎవరన్నా పలకరిస్తే వేలు చూపించేవాడు, ఆగమని. మాటల్లో పడితే మందు పొయ్యకుండా గుండు దట్టిస్తారట. మనవాళ్ళలో ఆ తుపాకి వాడడం కష్టమబ్బాయ్, మనం మాట్లాడకుండా ఉండలేం.

ఇక దసరా. దసరాకి వాళ్ళింట్లో ఆయుధపూజ. కారుకి, కంప్యూటరుకి, మిక్సీకి, గడ్డికోసే మిషనుకి, దేన్నీ వదిలేది కాదు రమామణిగారు. ఆవిడ చెయ్యి పెద్దది. పులిహోర పెట్టినా అంతే, గంధం పెట్టినా అంతే. ఆ ఏడు తుపాకిని పీట మీద పడుకోబెట్టి నిలువునా గంధం పూసి కుంకుమ బొట్లు పెట్టింది. కోలిన్ భోజనానికొచ్చి చూసి, "పట్, దీనికేమన్నా ఒంట్లో బాగాలేదా, దద్దుర్లు వచ్చాయి" అన్నాడు. ఎగతాళి కాదు, నిజంగానే అడిగాడు. పట్టాభి మర్నాడు తుడిచాడు. పైపైన తుడిచాడు. పెళ్ళాం పెట్టిన బొట్టు కదా, గట్టిగా రుద్దబుద్ధి కాలేదట. దసరా తర్వాత ఇక్కడ ఎండాకాలం కదా, ఎండుగడ్డికి నిప్పంటుకుంటుందన్న భయం, తుపాకి బయటికి తీసిందే లేదు. అలా ఆరేడు నెలలు బీరువాలో ఉండిపోయింది. గంధం సంగతి నీకు తెలుసుగా, తడిగా ఉంటే పరిమళం, ఎండితే సిమెంటు.

ఏప్రిల్ వచ్చింది, ఇక్కడ చలి మొదలయ్యే నెల. ఇదిగో ఇలాంటి రోజులే, ఫీజోవాలు రాలుతున్నాయి. ఈ నెలలో పోతుదుప్పులు అరుస్తాయి, ఆడవాటి కోసం. వేటగాళ్ళు కూడా బూరలాంటి గొట్టంలోంచి అదే అరుపు అరుస్తారు. ఎవడో పోటీకి వచ్చాడనుకుని పోతు బయటికొస్తుంది. ఆ అరుపు పట్టాభికి రాలేదు పాపం. వాడు అరిస్తే చిన్నపిల్లకి కోరింత దగ్గు వచ్చినట్టుండేది. నాకేమో ఊళ్ళో నాటకాలాడిన గొంతు. పద్యం ఎత్తుకుంటే రాగం ఊరి చివరిదాకా లాగేవాణ్ణి. ఒకరోజు మా వరండాలో సరదాగా ఆ గొట్టం పట్టుకుని ఒక్క అరుపు అరిచాను. కోలిన్ కంచె అవతల్నించి తల పైకెత్తి చూశాడు. పట్టాభి నా చేతులు పట్టుకున్నాడు. "మాస్టారూ, మీరు నాతో రావాల్సిందే. మీరు తినద్దు, చంపద్దు, ఊరికే అరవండి చాలు." నేను పుట్టుశాకాహారిని. అయినా కళాకారుణ్ణి పిలిస్తే రాకుండా ఎలా ఉంటాడు? వెళ్ళాను.

టౌపో సరస్సు దాటాక కొండల్లో వేటగాళ్ళు దిగే హట్టు ఒకటి. తెల్లారగానే బయల్దేరాం, ఒకటే మంచు. వాడు నాకు నారింజరంగు కోటు ఇచ్చాడు, మనిషని తెలియడానికి. ఒక పడిపోయిన మాను పక్కన కూర్చోబెట్టాడు. "మాస్టారూ, మీరు ఈ మాను ఇడిచిపెట్టి లేయద్దండి. నేను ముందర ఉంటా. మీరు అరస్తా ఉండండి." సరేనన్నాను. బడిలో పిల్లల్ని కూర్చోమని చెప్పడమే కానీ నన్నెవరూ కూర్చోబెట్టలేదు, అదీ ఒక అనుభవమే. కూర్చున్నాను. చలి. నా సంచిలో మీ ఆంటీ, విజయలక్ష్మి, పెట్టిన ఉన్ని శాలువా ఉంది, గోధుమరంగుది. కోటు మీద కప్పుకున్నాను. మంకీక్యాపు కూడా అదే రంగు. ఆ శాలువా ఇంకా ఇంట్లో ఉంది, మీ ఆంటీ వాడుతోంది, ఒక్క చిల్లు పడలేదు. అరిచాను. దూరంగా నిజం పోతు ఒకటి జవాబు చెప్పింది. నాకు ఉత్సాహం వచ్చింది. రాగం పెంచాను. అది అరవడం, నేను అరవడం. నా జన్మలో నాకంత శ్రద్ధగా జవాబు చెప్పిన విద్యార్థి లేడబ్బాయ్.

పట్టాభి దాని వెంటబడి ఒక గుట్ట చుట్టాడు. మంచులో దిక్కు తప్పాడు. తిరిగి తిరిగి నాకు రెండో పక్కకి వచ్చాడు, తనింకా ముందుకే పోతున్నాననుకుంటూ. ఇంతలో ఆ పోతు అరవడం మానేసింది. నేను మానలేదు. వాడికి పొదల్లోంచి అరుపు వినపడింది, పది బారల్లో. గోధుమరంగు మెదిలింది. అసలు నియమమేంటంటే, గుండు నింపకముందే ఒట్టి టోపీ పేల్చి ఆ గొట్టం దారి శుభ్రంగా ఉందో లేదో చూసుకోవాలి. పొద్దున నింపేటప్పుడు దుప్పి అరుపు వినపడుతోంటే, చప్పుడుకి పారిపోతుందని ఆ పని మానేశాడు. సరే, ఇప్పుడు సుత్తి లాగాడు, గురి పెట్టాడు, నొక్కాడు.

నాకు "టప్" అని వినపడింది. పుల్ల విరిగిందనుకున్నాను. తల తిప్పి చూస్తే పట్టాభి! "ఏం పట్టాభీ, దొరికిందా?" అన్నాను. వాడు కొయ్యబారి ఉన్నాడు. తుపాకి గొట్టంలోకి సూటిగా కనపడుతోంది నాకు, బావిలోకి చూస్తున్నట్టు. టోపీ పేలి, మందు అంటుకోకపోతే, ఒక్కోసారి ఆలస్యంగా పేలుతుందట. వాడు మెల్లిగా, పాలగిన్నె దించుతున్నట్టు, దాన్ని ఆకాశానికి ఎత్తాడు. "ఏంటి, పైన పక్షులున్నాయా?" అన్నాను. నాకేం తెలుసు. అలా చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత కింద కూర్చుని, ఆ చిన్న గొట్టం విప్పి, పిన్నీసుతో పొడిచాడు. లోపల్నించి ఎండిన గంధం పెళ్ళ వచ్చింది, చివర ఎర్రగా కుంకుమ. అరచేతిలో పెట్టుకుని చూశాడు. నేనూ చూశాను. "అయ్యో, పూజ గంధమా?" అన్నాను. అప్పటికీ అర్థం కాలేదు నాకు. తర్వాత, నింపిన మందు ఉంచుకోకూడదని, గొట్టం బిగించి, కొత్త టోపీ పెట్టి, మట్టికట్టలోకి పేల్చాడు. శశాంకూ, ఆ చప్పుడు! తెల్లటి పొగ, దీపావళి వాసన. పొగ పోయాక వెళ్ళి ఆ కట్టలో కన్నం చూశాను. చెయ్యి పెట్టాను. మణికట్టు దాకా పోయింది. చెయ్యి లోపల ఉండగానే వెనక్కి తిరిగి చూశాను, నేను కూర్చున్న మాను వైపు. అప్పుడు అర్థమైంది. కట్ట పక్కనే కూర్చుని, తెచ్చుకున్న పులిహోర తిన్నాను. ఇంకేం చెయ్యాలి? వాడు తినలేదు.

ఆక్లండ్ వచ్చేసరికి కథ మాకంటే ముందొచ్చింది. "చూశారా, రమామణిగారి గంధం మాస్టారి ప్రాణం కాపాడింది!" అని ఒకటే పొగడ్త. గుళ్ళో ఆవిడకి కొబ్బరికాయలు. ఆ దసరాకి హాల్లో అందరూ కూర్చున్నప్పుడు ఎవరో మైకులో ఈ మహిమ మొదలుపెట్టారు. పట్టాభి లేచాడు. వాడెప్పుడూ మైకు ముట్టుకోడు. "దేవుడి మిందికి తొయ్యద్దండి. గంధం ఏమీ కాపాడలే. గొట్టం మూసుకోనుంది, అంతే. నేను మనిషిని సంపే పనే చేసినా. చూడకుండా నొక్కినా" అన్నాడు. వెనకనుంచి ఒకాయన ఓదార్పుగా అన్నాడు, "ఊరుకోండి పట్టాభిగారూ, మాస్టారు కూడా ఆ శాలువా కప్పుకోకుండా ఉండాల్సింది." పట్టాభి అతనికేసి తిరిగి, "శాలువా కప్పుకున్నోళ్ళని కాల్చమని యాడుంది సార్?" అన్నాడు. కూర్చున్నాడు. తర్వాత అందరం ప్రసాదం తిన్నాం.

వేట మానేశాడా అంటావా? మానలేదు. మానేస్తే మర్చిపోతానన్నాడు. ప్రతి ఏప్రిల్‌కీ వెళ్ళేవాడు. కాకపోతే చెవి కనపడాలి, మెడ కనపడాలి, భుజం కనపడాలి, కాళ్ళు కనపడాలి, నోటితో ఒక్కోటీ గొణుక్కుని అప్పుడుగానీ సుత్తి లాగేవాడు కాదు. కాళ్ళదాకా వచ్చేసరికి అది ఉంటుందా? పట్టాభి పెళ్ళిచూపులకి వెళ్ళొచ్చాడు, పిల్లని చూశాడు, ఏ సంగతీ చెప్పలేదు, అనేవాళ్ళు జనం. రమామణిగారు మసాలా నూరి పెట్టుకుని, చివరికి అది బంగాళాదుంపల్లో వేసేది. కోలిన్ పోయేముందు, "పట్, అది తుపాకి కాదు, నీ కళ్ళజోడు" అన్నాడట. ప్రతిసారీ తిరిగొచ్చాక పట్టాభి ముందు మా ఇంటికే వచ్చేవాడు. బూట్లు బయట విప్పి, తలుపు దగ్గర నిలబడి, నన్ను పైనుంచి కిందికి చూసేవాడు. "ఉండారా మాస్టారూ" అనేవాడు. "ఉన్నానయ్యా" అనేవాణ్ణి. టీ తాగి పోయేవాడు. ఇక చివర్లో, ఆస్పత్రిలో, "తుపాకి ఎవురన్నా అడిగితే మాస్టారు చూసి ఇయ్యాల" అన్నాడట వాళ్ళావిడతో. అదీ నా పెత్తనం.

నీ రైఫిల్ ట్రైనింగ్ కాయితం నాకు చూపించక్కర్లేదు, లోపల పెట్టు. పరీక్షలో అన్నిటికీ కరెక్టుగానే రాసి ఉంటావు. పట్టాభికీ అన్నీ వచ్చు.

సరేగానీ, ఇందాక ఆ ఫీజోవా చెట్టు వెనక ఉన్నదేంటన్నావ్? కుక్క అన్నావ్. తోక చూశావా? చెవి? ఊఁ. ఫోన్లోంచి తల ఎత్తి, ఒక్క చూపు చూసి, అన్నావ్. పక్కింటివాళ్ళ కుక్క పోయి ఏడాదైంది. లే, లేచి నిలబడి చూడు. నిదానంగా. తొందరేం లేదు, అది ఎక్కడికీ పారిపోదు.

విజయలక్ష్మీ! ఫీజోవాలు ఏరింది చాలు, శాలువా మంచుకి తడిసిపోతోంది, లోపలికి రా. శశాంక్ వచ్చాడు.

కూర్చో అబ్బాయ్, కూర్చో. ఫీజోవాలు తీసుకెళ్తావా? బోలెడున్నాయి.