జమైకా వాళ్ల క్లబ్బు

ఆస్ట్రేలియాలోని మాసన్ లేక్స్‌లో ఒక ఆదివారం కూతురు కారు నడుపుతూ, యూనివర్సిటీలో రాయాల్సిన పేపర్ కోసం పాత జమైకా పాటలు పెట్టింది. పక్క సీట్లో ఆమె తండ్రి డాక్టరుగారు రోడ్డు చూస్తూ కూర్చున్నారు.

"నాన్నా, ఇంగ్లండులో ఉన్నప్పుడు ఇవి వినేవారా?"

"శనివారమైతే డాన్సుకే పోయేవాణ్ణి. ఆ రోజుల్లో పబ్బుల్లోకి మన రంగు వాళ్లని రానిచ్చేవారు కాదు. డెల్రాయ్ అని డ్రమ్మర్, జమైకా వాళ్ల క్లబ్బుకి తీసుకెళ్లేవాడు."

"మనవాళ్లని కొట్టే ఆ గుండు తెల్లకుర్రాళ్లు, స్కిన్‌హెడ్స్ కూడా వచ్చేవారట కదా? మా లెక్చరర్ దాన్ని యూనిటీ అంటుంది."

"వచ్చేవారు. మాకంటే బాగా గెంతేవారు."

"మరి వెళ్లడం ఎందుకు మానేశారు?"

"ఒకసారి డెల్రాయ్‌ని నేను డ్యూటీలో ఉండగా క్యాజువాల్టీకి తెచ్చారు. తల మీద సీసా పగలగొట్టారు. నా చేతుల్లోనే పోయాడు. కాసేపటికి అరచెయ్యి తెగిన తెల్లకుర్రాడొచ్చాడు. క్లబ్బులో నా పక్కన గెంతేవాడే. డెల్రాయ్‌ని తనే కొట్టానన్నాడు."

"మీరేం చేశారు?"

"కుట్లు వేశాను."

"కోపం రాలేదా?"

"రావాలి కదమ్మా. రాలేదు. పోలీసులు వచ్చేలోపు, వచ్చే శనివారం క్లబ్బుకి వస్తావా డాక్టర్ అని ఆ కుర్రాడు అడిగాడు."

ఆయన గొంతులో ఏ మార్పూ లేదు.

"ఏమన్నారు నాన్నా?"

"కుట్లు తడవనివ్వకు అన్నాను."